సులా ఫెస్ట్‌లో మంచి ముక్క దొరకాలంటే, ముందు స్టాల్ వెనక చేతులు చూడండి

మీ ప్రశ్న చదివాను. ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి మీరు రెండు జంటలు నాసిక్ సులా ఫెస్ట్‌కి, అంటే సులా అనే వైన్ కంపెనీ తన ద్రాక్ష తోటల్లో పెట్టే పాటల, తిండి, వైన్ పండగకి వెళ్తున్నారు. ఒకరు శాకాహారి, ఒకరు మందు ముట్టరు, మిగతా ఇద్దరికీ వైన్ కొత్త. పోయినేడు ఇంకేదో ఫుడ్ ఫెస్టివల్‌కి వెళ్లి బోలెడు డబ్బు తగలేసి, చల్లారిన ఫ్రైలు, చప్పటి నూడుల్స్ తిని వచ్చారట. ఈసారి మంచి తిండి దొరకాలంటే ఏం చేయాలి, కారం అలవాటైన మన నోటికి ఏ వైన్ పడుతుంది అని అడిగారు.

నేను పుణెలో ఒక కేటరింగ్ కిచెన్‌లో పనిచేసిన రోజుల్లో ఇలాంటి పండగలు చాలానే చూశాను, కానీ అన్నీ స్టాల్ వెనక నుంచి. ఇప్పుడు ఆ పని మానేశాను కాబట్టి లోగుట్టు చెప్పడానికి మొహమాటం లేదు. మాది నరసాపురం వైపు. గోదావరి సముద్రంలో కలిసే చోట పుట్టి, అది పుట్టే చోటికి బజ్జీలు వేయడానికి వెళ్లావు అని మా నాన్న ఇప్పటికీ వెక్కిరిస్తుంటారు. నిజమే, త్ర్యంబకంలో పుట్టిన గోదారికి నాసిక్ దగ్గర గంగాపూర్ ఆనకట్ట కట్టారు. సులా తోటలు ఆ ఆనకట్టకి దగ్గర్లోనే ఉన్నాయి.

ఒక విషయం ముందే చెప్పాలి. ఫలానా స్టాల్‌లో ఫలానాది తినండి అని నేను చెప్పను. స్టాళ్లు ఏడాదికీ ఏడాదికీ మారిపోతాయి, పేరు ఒకటే ఉన్నా లోపల వంటవాడు మారిపోతాడు. మంచి స్టాల్‌ని రెండు నిమిషాల్లో ఎలా పసిగట్టాలో చెబుతాను.

గేటు దాటగానే ఎవరూ ఏమీ కొనకండి. ఆకలితో ఉన్నప్పుడు మొదట కనబడ్డ క్యూలో దూరడమే అందరూ చేసే తప్పు. నలుగురూ కలిసి ఒక చుట్టు తిరిగి రండి. బోర్డు మీద పేర్లు చదవకండి, లోపల చేతులు చూడండి. వండినది ఎక్కడికి వెళ్తోంది? పొయ్యి మీంచి నేరుగా ప్లేట్లోకి వెళ్తుంటే ఆగండి. పొయ్యి మీంచి ట్రేలోకి, ట్రేలోంచి గాజు పెట్టెలోకి, అక్కడ బల్బు కింద అరగంట కునికిపాట్లు పడి ప్లేట్లోకి వెళ్తుంటే ముందుకు నడవండి. బోర్డు మీద నాలుగైదు ఐటమ్సే ఉన్న స్టాల్‌ని నమ్మొచ్చు. పది అడుగుల టెంట్లో ఇద్దరు మనుషులు పాతిక రకాలు వండలేరు. పాతిక రాసి ఉన్నాయంటే అవన్నీ పొద్దున్నే ఎక్కడో వండి డబ్బాల్లో తెచ్చినవని అర్థం. డబ్బు తీసుకునే చెయ్యి, తిండి ముట్టుకునే చెయ్యి వేరువేరుగా ఉన్నాయా అనేది కూడా చూడండి. ఫోన్ స్కానింగులు వచ్చాక ఈ బాధ కొంత తగ్గింది గానీ, పూర్తిగా పోలేదు.

ఇక నూనె. గాలి మీకు ఎదురుగా వీస్తున్నప్పుడు స్టాల్ ముందు నిలబడితే చాలు. మంచి నూనె దగ్గర పిండి వేగే వాసన వస్తుంది. మాడిన నూనె కళ్లకి తగులుతుంది, గొంతులో గరగర పుట్టిస్తుంది. అది తగిలిందంటే ఎంత పెద్ద హోటల్ పేరు పెట్టుకున్న స్టాల్ అయినా సరే, వద్దు.

ఇప్పుడు మా సొంత పాపం ఒకటి చెబుతాను. నేను వెళ్లిన మొదటి ఏడాది మేం మిరపకాయ బజ్జీ పెట్టాం. మహారాష్ట్రలో మన బజ్జీ! గింజ తీసి, వాము, చింతపండు ముద్ద కూరి, సెనగపిండిలో ముంచి వేసేవాళ్లం. మధ్యాహ్నం మూడింటికి మొదటి వాయి తీస్తే మా వాళ్లే సగం తినేశారు, అంత బాగా వచ్చాయి. ఆరున్నరకి స్టేజీ మీద ఒక బృందం దిగి ఇంకో బృందం ఎక్కేలోపు గ్యాప్ వచ్చింది. జనం ఒక్కసారిగా మీద పడ్డారు. రెండు మూకుళ్లు, నలుగురం మనుషులం, ఎదురుగా ఎనభై మంది. అందుకని రెండో రోజు మా పెద్ద షెఫ్ ఒక ఉపాయం కనిపెట్టాడు: మధ్యాహ్నమే నాలుగు వందల బజ్జీలు సగం వేయించి పేర్చి పెట్టడం, రద్దీ టైంకి ఇంకోసారి నూనెలో వేసి ఇచ్చేయడం. క్యూ చకచకా కదిలింది. బజ్జీ మాత్రం చచ్చిపోయింది. లోపల మిరపకాయ మెత్తగా గుజ్జయిపోయింది, పైన పిండి అట్టలా బిగిసింది, కొరికితే నూనె కారింది. అది తిని మొహం చిట్లించిన ఒక పెద్దావిడ నాకింకా గుర్తే. పాపం, మర్యాదకి ఏమీ అనకుండా ప్లేటు పక్కన పెట్టి వెళ్లిపోయారు.

మీరు దీన్ని ఇలా గుర్తుపట్టండి. ఒక్కసారి వేగిన బజ్జీ పసుపు కలిసిన బంగారు రంగులో ఉంటుంది, పైన అక్కడక్కడా బుడగలు లేచి ఉంటాయి. రెండోసారి వేగినది ఇటుక రంగులోకి తిరుగుతుంది, బుడగల అంచులు నల్లబడతాయి. పకోడీ, ఫిష్ ఫ్రై, ఆలూ ఫ్రై ఏదైనా ఇదే లెక్క. ఒక్క మాట: కొన్ని వంటలు రెండుసార్లు వేయిస్తేనే బాగుంటాయి, బంగాళాదుంప ఫ్రైలు అలాంటివే. కానీ వాటికీ రెండు వేయింపుల మధ్య మూడు గంటల తేడా ఉండకూడదు.

పై కథలోనే మీ టైం టేబుల్ కూడా ఉంది. గేట్లు తెరిచిన మొదటి అరగంట పొయ్యిలు వేడెక్కవు, మసాలాలు సర్దుకోవు, మనుషులు తిట్టుకుంటూ ఉంటారు. ఆ తర్వాతి గంటన్నర బంగారం లాంటిది: పొయ్యి వేడి మీద ఉంటుంది, నూనె కొత్తది, వంటవాడికి ఇంకా ఓపిక ఉంటుంది. నిప్పుల మీద కాల్చేవి, నూనెలో వేగేవి అప్పుడే తినెయ్యండి. పాటల మధ్య గ్యాప్‌లో స్టాళ్ల వైపు అడుగే పెట్టొద్దు. అందరూ స్టేజీ వైపు పరిగెత్తే పెద్ద పాటగాడి టైములో స్టాళ్లు ఖాళీగా ఉంటాయి. అప్పుడు వెళ్లి నవ్వుతూ "భయ్యా, కొత్తగా ఒక వాయి వేస్తావా, పది నిమిషాలు ఆగుతాను" అని అడగండి. రోజంతా క్యూ చూసిన మనిషికి ఆ ఒక్క మాట చాలు. నేనైతే అలా అడిగినవాళ్లకి రెండు బజ్జీలు ఎక్కువే వేసేవాణ్ణి. పాట అక్కడి నుంచి కూడా వినబడుతుంది లెండి, ఆ తోటలో మూల మూలకీ వినబడుతుంది.

వైన్ సంగతికొద్దాం. ఇందులో జనం అనవసరంగా టెన్షన్ పడతారు. మన నాలుకకి అన్ని రుచులూ తెలుసు, ఉగాది పచ్చడి తిన్నవాళ్లం. వైన్‌లో పనికొచ్చేవి నాలుగు: పులుపు, తీపి, వగరు, మత్తు వేడి.

సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ పుల్లగా ఉంటుంది, పచ్చగడ్డి, పచ్చి మామిడికాయ వాసనలు వస్తాయి. సులా 2000లో మొదట మార్కెట్లోకి తెచ్చిన వాటిలో ఇదీ ఒకటి. పచ్చిమిర్చి బజ్జీ మీద నిమ్మకాయ పిండుకుంటాం కదా, ఈ వైన్ ఆ నిమ్మకాయ పని చేస్తుంది. చేప, రొయ్య, కొత్తిమీర చట్నీతో ఇచ్చే పనీర్ టిక్కా, వీటితో తాగండి. చెనిన్ బ్లాంక్ అనే ఇంకో తెల్ల వైన్‌లో కొంచెం తీపి ఉంటుంది. కారం ఎక్కువ తినే మీలాంటి కొత్తవాళ్లు మొదలుపెట్టాల్సింది దీంతోనే. తీపి కారాన్ని అణుస్తుంది, మజ్జిగన్నం పక్కన పెట్టుకున్నట్టు ఉంటుంది. జిన్‌ఫాండెల్ రోజే అనే గులాబీ రంగు వైన్ కూడా ఈ వరసలోనిదే, ఎండలో కూర్చున్నప్పుడు హాయిగా ఉంటుంది.

షిరాజ్ రెడ్ వైన్. దీని దగ్గరే మనవాళ్లు బోల్తా పడతారు. ద్రాక్ష తొక్క, గింజల నుంచి దిగే వగరు ఇందులో ఎక్కువ. లేత జామ పిందె కొరికితే నాలుక గీరుకుపోయినట్టు అవుతుందే, అదే వగరు. ఉప్పు, కొవ్వు తగిలితే ఆ వగరు మెత్తబడుతుంది, కారం తగిలితే రెచ్చిపోతుంది. పైగా రెడ్ వైన్లలో ఆల్కహాల్ 13, 14 శాతం దాకా ఉంటుంది కాబట్టి అది కారం మంటని ఇంకా ఎగదోస్తుంది. మా మొదటి ఏడాది బజ్జీ పక్కన ఎవరో "రెడ్‌తో బాగుంటుంది" అని చిన్న అట్ట మీద రాసి పెట్టారు. తిన్నవాళ్లు నీళ్ల బాటిళ్ల కోసం పరిగెత్తారు. మరుసటేడు ఆ అట్ట తీసేసి, బ్రూట్ అనే బుడగల వైన్ పేరు రాశాం. దాంతో కథే మారిపోయింది. నూనె పట్టిన నోటిని ఆ బుడగలు, పులుపు కడిగేస్తాయి, మళ్లీ ఇంకో బజ్జీ అందుకోబుద్ధవుతుంది. వేయించినది ఏదైనా బుడగల వైన్‌తో తినమని నేను అందరికీ చెబుతాను. ఇది నా ఇష్టమే అనుకోండి, కానీ ఆ రెండో ఏడాది మా స్టాల్‌లో సరుకు ఏడింటికే అయిపోయింది.

షిరాజ్ వద్దని కాదు. దాని వాసనలోనే మిరియాలు ఉంటాయి. మిరియాల మటన్, సీఖ్ కబాబ్, మసాలా తక్కువ పెట్టి నిప్పుల మీద కాల్చిన పుట్టగొడుగులు, ఉప్పగా ఉండే గట్టి చీజ్, ఇలాంటివి దొరికితే అప్పుడు ఒక గ్లాసు తీసుకోండి. సులాలో దిండోరి రిజర్వ్ అనే షిరాజ్ ఉంది, చెక్క పీపాల్లో పెట్టి తీస్తారు. ఫిబ్రవరిలో నాసిక్‌లో పగలు ముప్ఫై డిగ్రీల దాకా ఎండ ఉన్నా, పొద్దు వాలాక చలి దిగుతుంది. రెడ్ ఆ టైంకి దాచుకోండి. ఎండలో ప్లాస్టిక్ గ్లాసులో వేడెక్కిన రెడ్ వైన్ ఎవరికీ నచ్చదు, అది తాగి "మాకు రెడ్ పడదు" అని తేల్చేయకండి. శాలువా మర్చిపోవద్దు.

తీపి వంటలకి ఒకే లెక్క: వైన్ మిఠాయి కంటే తియ్యగా ఉండాలి. గులాబ్ జామూన్ తిని ఏ వైన్ తాగినా పుల్లటి నీళ్లలా అనిపిస్తుంది. తీగ మీద ఎక్కువ రోజులు వదిలేసి కోసిన చెనిన్ ద్రాక్షతో చేసే లేట్ హార్వెస్ట్ అనే తీపి వైన్ ఉంటుంది. అదే ఒక మిఠాయి. దానికి పక్కన ఏమైనా కావాలంటే ఉప్పు జీడిపప్పు చాలు.

మీలో వైన్‌కి కొత్తవాళ్లు ఇద్దరే కాబట్టి లెక్క తేలిక. 750 మి.లీ. బాటిల్ అంటే ఐదు గ్లాసులు. మొత్తం బాటిల్ కొంటే ఒకే రుచికి అతుక్కుపోతారు. గ్లాసులుగానే తీసుకుని ఇద్దరూ పంచుకోండి: బుడగలది ఒకటి, తెల్లవి రెండు, చీకటి పడ్డాక రెడ్ ఒకటి. ఐదారు గంటల్లో మనిషికి రెండు గ్లాసులు, నాలుగు రుచులు. మధ్యలో గ్లాసుకొక గ్లాసు నీళ్లు. పగటి ఎండ, గెంతులు, ఖాళీ కడుపు, ఈ మూడూ కలిస్తే రెండో గ్లాసుకే తల తిరిగినవాళ్లని చాలామందిని చూశాను. వీలైతే ముందురోజే వెళ్లి సులా టేస్టింగ్ రూమ్‌లో కొంచెం కొంచెంగా రుచి చూసి రండి, ఫెస్ట్ రోజుల్లో అంత తీరిక ఎవరికీ ఉండదు. టేస్టింగ్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

తిండి కూడా అలాగే. ఒక్కో స్టాల్‌లో ఒక్కటే ప్లేటు, నలుగురికీ రెండేసి ముక్కలు. రెండు ముక్కలకే "అబ్బ" అనిపిస్తే రెండో ప్లేటు. అనిపించకపోతే పోయింది ఒక్క ప్లేటే. పోయినేడు మీ డబ్బు కరిగిపోయింది ఇక్కడే అనుకుంటున్నాను, నలుగురూ నాలుగు బర్గర్లు కొనుక్కుని ఉంటారు. బర్గర్ తిన్నాక ఇంకేం తింటారు?

మీ శాకాహారి స్నేహితులకి ప్రత్యేకంగా మూడు మాటలు. ఫెస్టివల్ స్టాల్‌లో పనీర్, చికెన్ ఒకే జాలీ మీద కాల్చడం, ఒకే నూనెలో వేయించడం చాలా మామూలు. పట్టింపు ఉంటే "వేరే మూకుడు ఉందా" అని నేరుగా అడగండి, పూర్తి శాకాహార స్టాల్ దొరికితే అక్కడే స్థిరపడండి. చీజ్ ప్లేటు కూడా చూసుకోవాలి. పర్మెసాన్ లాంటి కొన్ని విదేశీ చీజ్‌లని దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ అనే పదార్థంతో పాలు గట్టిపరచి చేస్తారు. మన దేశంలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉన్న చీజ్‌కి ఆ బాధ లేదు, ప్యాకెట్ చూపించమంటే చూపిస్తారు. కట్టెల పొయ్యిలో పిజ్జా దొరికితే అదే మంచిది. పొయ్యి వేడి మీద ఉంటే ఒకటి రెండు నిమిషాల్లో కాలిపోతుంది కాబట్టి ముందే చేసి దాచాల్సిన అవసరం వాళ్లకి ఉండదు.

మందు ముట్టనివాళ్లు కోలా పట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఫెస్ట్ ఫిబ్రవరిలో పెట్టడానికి కారణమే ద్రాక్ష కోతలు. యూరప్‌లో సెప్టెంబరు, అక్టోబరుల్లో కోస్తారు. మనకి అప్పుడు వానలు, అందుకే ఇక్కడి రైతులు వానలు వెనకబట్టాక తీగ కత్తిరించి, జనవరి నుంచి మార్చి దాకా కోతలు కోస్తారు. ఆ రోజుల్లో నాసిక్ రోడ్ల పక్కన తినే ద్రాక్షలు బుట్టలు బుట్టలుగా అమ్ముతారు. వైన్ ద్రాక్ష వేరు: గింజ చిన్నది కాదు, పండు చిన్నది, తొక్క మందం, తీపి మాత్రం తినే ద్రాక్ష కంటే ఎక్కువ. ఎక్కడైనా ఒక గుత్తి రుచి చూసే అవకాశం వస్తే వదలకండి. కాళ్లతో ద్రాక్ష తొక్కే సరదా కూడా ఉంటుంది, దానికి తాగే అలవాటుతో పనిలేదు. అది సరదా కోసమే, అసలు వైన్ చేసేది లోపల స్టీలు ట్యాంకుల్లో. తెల్ల బట్టలు మాత్రం వేసుకోకండి, ఆ మరక జన్మకి పోదు. కోకం పండు షర్బత్ దొరికితే కబాబ్‌లతో తాగమనండి, పుల్లగా ఉంటుంది కాబట్టి వైన్ చేసే పనే చేస్తుంది.

తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి. ఆఖరి పాట అయ్యాక అందరూ ఒకేసారి బయటపడతారు, ఆ దారిలో ఆ టైంకి క్యాబ్ దొరకడం గగనం. రాను పోను కలిపి పొద్దున్నే మాట్లాడుకోండి. మందు ముట్టని ఆయన్నో ఆవిడనో డ్రైవర్ చేసేద్దామనుకుంటే వాళ్లని అడిగి చేయండి, వాళ్లకీ ఇది పండగే. తాగినవాళ్లు స్టీరింగ్ ముట్టొద్దు. చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే కేసే, రెండు గ్లాసులకి ఆ హద్దు దాటే వీలుంది. సికింద్రాబాద్ నుంచి నాసిక్ రోడ్ స్టేషన్‌కి దేవగిరి ఎక్స్‌ప్రెస్ రైలు ఉంది. కారు కంటే నేను దానికే ఓటేస్తాను.

మర్నాడు పొద్దున మిసల్ అనే అక్కడి టిఫిన్ తినకుండా నాసిక్ వదలకండి. నన్నడిగితే రెండు రోజుల ఫెస్ట్ తిండి అంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. మట్కీ అనే గింజల మొలకలతో చేసే ఉసల్ కూర మీద కరకరలాడే ఫర్సాన్ మిక్చర్, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, పక్కన పావ్, పాపడ్, పెరుగు, ఇంకో గిన్నెలో నల్ల మసాలా వేసిన ఎర్రటి కారం పులుసు, అదే తర్రీ. తర్రీ అంతా ఒకేసారి పోసుకోవద్దు, ఫర్సాన్ నానిపోతుంది. ముందు రెండు గరిటెలు పోసుకుని, కరకర పోకముందే తింటూ, మళ్లీ కొంచెం కొంచెం కలుపుకోవాలి. మన కారాలతో పెరిగినవాళ్లు కదా అని ధీమాగా మొత్తం వంపేసుకుంటారేమో, నేను మొదటిసారి అదే చేశాను. పెరుగు గిన్నె ఇంకోటి అడగాల్సి వచ్చింది. ఆదివారం పొద్దున తొమ్మిది దాటితే ఊళ్లో వాళ్లంతా అక్కడే ఉంటారు, ఎనిమిదింటికల్లా వెళ్లండి. అది అయ్యాక టైం ఉంటే త్ర్యంబకం ముప్ఫై కిలోమీటర్ల లోపే, మన గోదారి అక్కడ ఎంత సన్నగా ఉంటుందో చూసి రావచ్చు.